టెన్షన్ పడి నేనే తెచ్చుకున్నానా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నాన్న పోయిన ఏడాదికి కీళ్లనొప్పులు మొదలయ్యాయి. పొద్దున లేస్తే గంటదాకా పిడికిలి బిగించలేను. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు, మాత్రలు వాడుతున్నాను. ‘అదేపనిగా దిగులుపడి నువ్వే తెచ్చుకున్నావు’ అంటున్నారు ఇంట్లో. నిజమేనా? మనసు కుదుటపడితే మాత్రలు మానేయొచ్చా?

జవాబు: ముందు రెండోదానికి చెబుతాను, మానొద్దు. మనసు తేలికపడినా లోపల వాపు అలాగే ఉండొచ్చు, అది కీలును తినేశాక మళ్లీ మునుపటిలా చేయడం కష్టం.

ఇక మొదటిది. క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే పడటం ఈ జబ్బు. టెన్షన్ పడితే కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, నిజానికి అది వాపును అణిచేదే, మీ డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు దాని చుట్టాలే. మరి టెన్షన్‌తో జబ్బు తగ్గాలి కదా అంటారేమో! నాలుగు రోజులైతే వేరు, నెలల తరబడి అదే బతుకైతే రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట లెక్కచేయడం మానేస్తాయి, అక్కడ వాపుకు పగ్గం ఉండదు.

స్వీడన్‌లో తీవ్ర ఒత్తిడి వల్ల మానసిక సమస్య వచ్చినట్టు నిర్ధారణైన 1,06,464 మందిని గమనించి 2018లో లెక్కలు ప్రచురించారు. వాళ్లలో ఏడాదికి వెయ్యికి సుమారు 9 మందికి ఇలాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడే జబ్బులు వచ్చాయి, ఆ సమస్య లేనివాళ్లలో 6 మందికి. తేడా ఉంది, కాదనను. కానీ అంత ఒత్తిడి పడి కూడా ఆ ఏడాది జబ్బు రానివాళ్లు వెయ్యికి 991 మంది. దిగులొక్కటే కారణమైతే వాళ్లంతా ఎలా తప్పించుకున్నారు? జన్యువులున్నాయి, పొగతాగడం ఉంది, ఆడవాళ్లకు ఎక్కువ రావడం ఉంది.

ఇంకో సంగతి. ఈ జబ్బులో చాలామందికి నొప్పి తెలియడానికి ఏళ్ల ముందే రక్తంలో సొంత ఒంటి మీదే గురిపెట్టే యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు) కనిపిస్తాయి. మీ నాన్నగారు ఉన్నప్పుడే మీ ఒంట్లో ఇది మొదలై ఉండొచ్చు! మనమేమో నొప్పికి ముందు ఏం జరిగిందా అని వెతుకుతాం, చేతికి దొరికిన దుఃఖానికి అంటగడతాం.

అలాగని ఒత్తిడిని వదిలేయమనను. నిద్రలేని రాత్రుల తర్వాత నొప్పి ఎక్కువవడం మీరే గమనించి ఉంటారు. నాన్నగారి దిగులు ఇంకా తగ్గక నిద్ర పట్టడం లేదంటే ఆ ముక్క కూడా కీళ్ల డాక్టరుకు చెప్పండి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే వెళ్లండి. మాత్రల డోసు సంగతి మాత్రం నెలల పాటు వాపు లేకుండా ఉన్నాక, పరీక్షలు చూసి కీళ్ల డాక్టరే తేలుస్తారు.