అమ్మమ్మ ఎందుకు లేచి వెళ్లిపోయింది?

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అమ్మమ్మకు ఎనభై రెండు. వాళ్లది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. తాతయ్య పోయాక ఆరు నెలల నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. ‘తిన్నావా, ఎప్పుడొస్తావు’ తప్ప మా మధ్య మాటలే ఉండవు. ఆవిడ జీవితం గురించి తెలుసుకోవాలని నెట్‌లో చూసి ముప్పై ప్రశ్నలు రాసుకున్నాను. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ‘నా జీవితంలో ఏముందే, వండాను, పెట్టాను’ అంది. చివరికి 1977 ఉప్పెన గురించి అడిగాను. మా పెద్ద మావయ్య చిన్నతనంలో అందులోనే పోయాడని అమ్మ ఎప్పుడో చెప్పింది. అమ్మమ్మ మాట్లాడకుండా లేచి వెళ్లి పడుకుంది. రాత్రి అన్నం తినలేదు. ‘ఆవిణ్ణి ఎందుకు కదిలించావు’ అని అమ్మ తిట్టింది. అప్పట్నుంచి నాకు గిల్టీగా ఉంది. తప్పు చేశానా? ఇక అడగడం మానేయాలా?

జవాబు: మానేయకండి. అడగాలనిపించడం తప్పు కాదు. అడిగిన తీరే కాస్త తేడాగా ఉంది. అది దిద్దుకోవచ్చు.

ముందు ఉప్పెన సంగతి. 1977 నవంబరు 19న సముద్రం దివిసీమ ఊళ్ల మీదికి వచ్చేసింది. పది వేల మందికి పైగా పోయారు. ఎన్నో కుటుంబాలకు తమవాళ్ల శవాలు కూడా దొరకలేదు. మీరు పుట్టేసరికి అదొక పాత వార్త. ఆ రాత్రి కొడుకును పోగొట్టుకున్న తల్లికి అది ఎప్పటికీ పాతబడదు. అలాంటి విషయం ఒక జాబితాలో ఇరవై ఏడో ప్రశ్నగా, ఫోన్ ఎర్ర చుక్క వెలుగుతుండగా వచ్చిపడితే, లేచి వెళ్లిపోవడం తప్ప ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? అన్నం మానేసినందుకు మీరు బాధపడుతున్నారు. ఆ పూట ఆవిడ ఆ బిడ్డ దగ్గర ఉండిపోయిందనుకోండి. మర్నాడు మామూలుగా తింటే కంగారు పడక్కర్లేదు. వారాల తరబడి తిండి, నిద్ర తగ్గి, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. తాతయ్య పోయి ఆరు నెలలే కదా, ఆ దిగులు కూడా లోపల ఉంటుంది. ముందు ఫోన్‌లో అడగాలంటే మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీరు అమ్మమ్మ కంటే ముందు మీ అమ్మతో మాట్లాడాలి. అమ్మ తిట్టిందని రాశారు గానీ, ఆ రాత్రి అమ్మ ఎంత పిల్లో ఆలోచించారా? పోయినవాడు మీకు పేరు మాత్రమే తెలిసిన మావయ్య. అసలు పేరైనా తెలుసో లేదో మీరు రాయలేదు. ఆవిడకు అన్న. చాలా ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. పిల్లలు ఏడుస్తారని తల్లి మాట్లాడదు, తల్లి ఏడుస్తుందని పిల్లలు అడగరు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. ఈ మౌనం వెనుక ఉన్నది ప్రేమే, అందుకే దాన్ని తెంచడం అంత కష్టం. ‘అమ్మా, నాకు తెలియక అడిగాను. నీకేం గుర్తుంది?’ అని ఒక్కసారి అనండి. చెబితే వినండి, చెప్పకపోతే కాఫీ తాగి లేవండి.

ఇక అమ్మమ్మ విషయం. ‘నా జీవితంలో ఏముందే’ అన్న మాటను తప్పించుకోవడం అనుకోకండి. ఆవిడ నిజంగానే అలా అనుకుంటోంది. ఆ తరం ఆడవాళ్లు కబుర్లు చెప్పేటప్పుడు గమనించండి, ‘మీ తాతయ్య అన్నారు’, ‘మా అత్తగారు చేసేది’, ‘మేం అప్పుడు’ అంటారు. ‘నేను’ అనే మాట దాదాపు రాదు. ‘నీ కలలేంటి’, ‘నీకేం కావాలనిపించేది’ అని మీరు అడిగి ఉంటారు. అవి మన కాలం ప్రశ్నలు. అప్పట్లో చట్టం ప్రకారమే ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండితే పెళ్లి చేయొచ్చు. పద్దెనిమిది అయింది 1978లో. అలాంటి రోజుల్లో పెరిగిన మనిషికి ‘నీకేం కావాలి’ అన్న ప్రశ్న వినిపించి ఉండకపోవచ్చు. జీవితం గురించి అడక్కండి, వస్తువుల గురించి అడగండి, దారుల గురించి అడగండి. ‘పుట్టింటికి ఎలా వెళ్లేదానివి’ అనండి. పులిగడ్డ–పెనుమూడి వంతెన లేని రోజుల్లో అక్కడ కృష్ణ దాటాలంటే పడవే. పుట్టిల్లు అవతల రేపల్లె వైపు అయితే, పడవ కోసం ఎంతసేపు కూర్చున్నారో, చంకలో ఎవరున్నారో అన్నీ చెబుతుంది. ‘ఎందాకా చదివావు’ అని అడిగి, ‘మాన్పించిన రోజు ఏం చేశావు’ అని అడగండి. పెట్టెలో చీరలు తీయించండి, ఏది ఎవరు పెట్టారో చెప్పమనండి.

సంవత్సరాలు అడిగి ఆవిణ్ణి పరీక్ష రాయించకండి. 1980 అంటే ఆవిడకు ఏమీ తట్టకపోవచ్చు. ‘కృష్ణా పుష్కరాలప్పుడు’ అంటే చటుక్కున తడుతుంది. మా నాయనమ్మ అయితే రూపాయిని పదహారు అణాలు అన్నట్టే ప్రతి ఏడాదినీ ఎవరి కాన్పుతోనో, ఏ పంట పోవడంతోనో కొలిచేది. ఆవిడకు బోలెడన్ని నాట్ల పాటలు వచ్చని, ఆవిడ పోయిన పదకొండో రోజున ఒక దూరపు చుట్టం చెబితే నాకు తెలిసింది. ఇంత చదువుకుని, పరాయివాళ్ల కథలన్నీ వినే నేను ఒక్కసారీ అడగలేదు. అది వేరే సంగతి.

ఎదురెదురుగా కూర్చోకండి. పక్కన కూర్చోండి. చేతులకు పని ఉంటే నోరు తేలికపడుతుంది. చింతపండు పిక్కలు తీస్తూ, పూలు కడుతూ చెప్పినన్ని మాటలు సోఫాలో కూర్చోబెడితే రావు. మధ్యలో ఆగిపోతే మరో ప్రశ్న వేయకండి. ఆమె పనిలోనే ఉండనివ్వండి. ఆగిన చోటు నుంచి తనే మళ్లీ మొదలుపెడుతుంది.

ఇంకో చిన్న విషయం, చెబితే నవ్వుతారేమో. ఆవిడ చెవులు ఎలా ఉన్నాయి? టీవీ సౌండ్ ఎక్కువ పెడుతోందా, మీరన్నదానికి పొంతన లేని జవాబు వస్తోందా? వినపడక ‘ఆఁ, ఊఁ’ అని సరిపెట్టేసేవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. ఇంట్లోవాళ్లు దాన్ని ముభావం అనుకుంటారు. ఒకసారి చెవి పరీక్ష చేయించండి.

రికార్డింగ్ కావాలంటే అడిగి చేయండి. దొంగతనంగా వద్దు. స్టేటస్‌లో, రీల్స్‌లో పెట్టడం అసలు వద్దు. ఆవిడ చెప్పింది మీకు, మీ మూడు వందల మంది కాంటాక్టులకు కాదు.

ఉప్పెన మాట మీరు మళ్లీ ఎత్తకండి. ఏదో ఒక రోజు, ఏ గోంగూర ఒలుస్తున్నప్పుడో ఆ పిల్లాడి పేరు ఆవిడ నోట రావచ్చు. ‘వాడికి ఇది ఇష్టం’ అని మాత్రమే అనొచ్చు. అప్పుడు ‘ఊరుకో అమ్మమ్మా, ఏడవకు’ అనొద్దు. మాట మార్చొద్దు. ‘వాడు ఎలా ఉండేవాడు’ అనండి చాలు. రాకపోతే రాలేదు. కొడుకు గురించి మాట్లాడాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం.

మీరు బాధపడుతున్న సంగతి మాత్రం దాచకండి. ‘ఆ రోజు అలా అడిగి నిన్ను బాధపెట్టాను అమ్మమ్మా’ అని ఒక్క ముక్కలో చెప్పేసి, పెద్ద క్షమాపణగా సాగదీయకుండా పనిలో పడండి. ఈ ఆదివారం అరకిలో గోరుచిక్కుడు కొని పట్టుకెళ్లండి. ఈనెలు తీయడం రాదని చెప్పండి. బహుశా నిజంగానే రాదు.