కిటికీ పక్క కుర్చీ

అమ్మా, ఆశీస్సులు.

హెడ్మాస్టరుగా చేరిన రెండు నెలలకే నీ గొంతు అంత నీరసంగా వింటాననుకోలేదు. "ఏం చెప్పినా మా స్టాఫ్‌లో ఒకాయన 'ఇవన్నీ అయ్యే పనులు కావు మేడం' అంటున్నారు మాస్టారూ, స్టాఫ్ మీటింగంటేనే టెన్షన్" అన్నావు. ఫోన్లో ఏదో సర్దిచెప్పాను గానీ, తీరిగ్గా రాయాల్సింది చాలా ఉంది.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. నేను పనిచేసిన ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారు ఒకాయన ఉండేవారు. స్టాఫ్ రూంలో కిటికీ పక్క కుర్చీ ఆయనది. పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్ పెడదామంటే, "పెట్టండి, జనవరికల్లా మీరే ఎత్తేస్తారు" అన్నారు టీ ఊదుకుంటూ. నాకు ఒళ్ళు మండి, అందరి ముందూ "ఇష్టం లేకపోతే ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి" అనేశాను. ఆయన నోరు మూసుకున్నారు. ఆయనతోపాటు మిగతావాళ్ళూ మూసుకున్నారు. అంతకుముందు ఆయన మాటలకి విసుక్కునే లెక్కల టీచర్ కూడా ఆయన పక్షమే అయిపోయింది. స్టడీ అవర్ జనవరి దాకా కూడా నడవలేదు, డిసెంబరులోనే ఆగిపోయింది.

అందుకని మీటింగులో వాదన పెట్టుకోకు. మీ స్టాఫాయన అన్నమాట డైరీలో రాసుకుని ముందుకెళ్ళు. ఉత్తుత్తి రాత కాదు, నిజంగానే రాసుకో. నెల పోయాక చూస్తే అందులో చాలావరకు సణుగుడే ఉంటుంది, ఒకటో రెండో మాత్రం నీకు తెలియని సంగతులుంటాయి. పక్క ఊళ్ళ ఆడపిల్లలకి ఐదున్నర బస్సు తప్పితే మళ్ళీ ఏడింటికే బస్సని మా సోషల్ మాస్టారికి తెలుసు, నాకు తెలీదు. మరుసటేడు స్టడీ అవర్ ఉదయానికి మార్చాం. పరీక్షల దాకా నడిచింది.

విడిగా మాట్లాడాలంటే నీ గదికి పిలవకు. ఆ బల్లకి అవతల కూర్చుంటే ఎవరికైనా మెమో ఇస్తారనే అనిపిస్తుంది. ఒకరోజు మధ్యాహ్న భోజనాల దగ్గర వరస చూస్తూ నిలబడ్డప్పుడు మా సోషల్ మాస్టారే తన సంగతి చెప్పారు. 2003 డీఎస్సీలో సెలెక్టయితే, చేరేసరికి 2005 చివరైంది. ఈలోగా 2004 సెప్టెంబరు 1 నుంచి, నెలనెలా జీతంలోంచి వాటా కోసే సీపీఎస్ పద్ధతి వచ్చి పాత పింఛను పోయింది. "ఆలస్యం నాదా సార్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరా ఉండదు. అది అన్యాయమే అని ఒప్పుకో, చేస్తానని మాత్రం మాటివ్వకు.

సణుగుతూనే పాఠం చక్కగా చెప్పేవాళ్ళని వదిలెయ్. సణుగుడు చాటున క్లాసు ఎగ్గొట్టేవాళ్ళ సంగతి వేరు. రెండుసార్లు నోటితో చెప్పు, మూడోసారి కాగితం మీద పెట్టు. "మీ ధోరణి బాగాలేదు" అని రాస్తే ఎక్కడా నిలబడదు. "ఫలానా తేదీన 9-బి నాలుగో పీరియడ్‌కి వెళ్ళలేదు" అని రాస్తే జవాబివ్వక తప్పదు. ఆపైన ఉద్యోగుల క్రమశిక్షణకి 1991 నాటి సీసీఏ రూల్స్ ఉన్నాయి, పై అధికారులున్నారు. అది నీ బీపీ పెంచుకునే వ్యవహారం కాదు.

నీకసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి. మీ దగ్గరి సణుగుడాయన గురించి నువ్వు పావుగంట చెప్పావు. నోరెత్తకుండా పనిచేసే మీ హిందీ టీచర్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సోమవారం, రానివాళ్ళ క్లాసులు ఎవరికి వేశామో రాసే సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు తీసి, జూన్ నుంచి ఎవరి ఖాళీ పీరియడ్ ఎన్నిసార్లు పోయిందో పేరు పేరునా లెక్కపెట్టు. నేను లెక్కపెట్టిన ఏడు సిగ్గేసింది. గొడవ చేసేవాళ్ళ జోలికి పోకుండా, మాట వినేవాళ్ళకే అన్ని పీరియడ్లూ అంటగట్టాను. రేపు విసిగిపోయి ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది వాళ్ళే కదమ్మా!

ఇంకో చిన్నమాట. పైవాళ్ళు అడిగే యాప్‌లూ ఫొటోలూ అందరికీ విసుగే. కానీ డీఈవో ఆఫీసు మీద విసుగు స్టాఫ్ రూంలో నువ్వు వెళ్ళగక్కకు. నేను కక్కేవాణ్ణి. దాని తర్వాత మా సోషల్ మాస్టారి సణుగుడిని తప్పుపట్టే మొహం నాకు ఉండేది కాదు.

ఆయన మారారా అంటావా? నా రిటైర్మెంటు రోజు దండ వేస్తూ "ఈ దండ డబ్బులు ఎవరు ఇస్తారో ఏమో" అని నా చెవిలో సణిగారు. నవ్వాపుకోలేక ఫొటోలో అదోలా పడ్డాను.

రిజిస్టరు చూశాక ఫోన్ చెయ్యి.

మీ మాస్టారు