టెక్ సందేహాలు: బస్సు ఆగితే తెగే వెబ్‌సాకెట్

ప్రశ్న: స్కూలు బస్సు ఎక్కడుందో తల్లిదండ్రుల ఫోన్లలో చూపించే యాప్‌కు నోడ్ జేఎస్‌తో సర్వర్ రాశాను. దాని ముందు, ఫోన్ల నుంచి వచ్చే కనెక్షన్లను అందుకుని దానికి చేరవేసే ఇంజిన్‌ఎక్స్ ఉంది. బస్సు కదిలినప్పుడే లొకేషన్ పంపుతాం కాబట్టి, ఒక నిమిషం ఆగితే చాలు, వెబ్‌సాకెట్ (ఫోనుకూ సర్వర్‌కూ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) తెగిపోయేది. ఒక మిత్రుడి సలహాపై ఇంజిన్‌ఎక్స్‌లోని ప్రాక్సీ రీడ్ టైమవుట్‌ను (సర్వర్ నుంచి ఏమీ రాకపోయినా ఎదురుచూసే గడువు) 24 గంటలకు పెంచాను. అది సర్దుకుంది గానీ, ఇప్పుడు రెండు రోజులకోసారి కొత్తవాళ్లెవరికీ కనెక్షన్ దొరకడం లేదు. లాగ్‌లో ‘1024 వర్కర్ కనెక్షన్స్ ఆర్ నాట్ ఎనఫ్’ (1024 కనెక్షన్లు చాలడం లేదు) అని వస్తోంది. మా వినియోగదారులు 350 మందికి మించరు. - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ రెండో సమస్య మొదటిదానికి చేసిన వైద్యం వల్ల వచ్చింది. వెనుకనున్న సర్వర్ నుంచి 60 సెకన్ల పాటు ఏమీ రాకపోతే కనెక్షన్‌ను మూసేయడం ఇంజిన్‌ఎక్స్ డిఫాల్ట్ పద్ధతి. అది మీకు అడ్డంకిగా కనిపించినా, అవతల ఎవరూ లేని కనెక్షన్లను ఊడ్చేస్తున్నది కూడా అదే.

ఒక తల్లి ఫోనులో చార్జింగ్ అయిపోయిందనుకోండి. ఆ ఫోను ‘నేను వెళ్తున్నాను’ అని సర్వర్‌కు చెప్పదు, కాబట్టి సర్వర్ లెక్కలో ఆమె ఇంకా ఉన్నట్టే. పగలు లొకేషన్ పంపబోయి, జవాబు రాక, టీసీపీ (డేటాను చేరవేసే నెట్‌వర్క్ పద్ధతి) కొంతసేపటికి విరమించుకుంటుంది. సాయంత్రం బస్సులు షెడ్డుకు చేరాక పంపేదేమీ ఉండదు కనుక ఆ డెడ్ కనెక్షన్ మీరు పెట్టిన 24 గంటలూ అలాగే కూర్చుంటుంది. ఆమె మళ్లీ యాప్ తెరిస్తే దాని పక్కన ఇంకొకటి చేరుతుంది. పైగా ఇంజిన్‌ఎక్స్ ప్రతి వినియోగదారుకూ రెండు కనెక్షన్లు లెక్కిస్తుంది: ఫోను వైపు ఒకటి, నోడ్ వైపు ఒకటి. అంటే ఒక వర్కర్‌కు (కనెక్షన్లను చూసుకునే ఇంజిన్‌ఎక్స్ ప్రాసెస్) 1024 పరిమితి ఉంటే అందులో పట్టేది సుమారు 500 మందే.

టీసీపీ కీప్‌అలైవ్‌ను (అవతలి కొస ఇంకా ఉందా అని అప్పుడప్పుడు అడిగే సదుపాయం) ఆన్ చేస్తే సరిపోదా అని అడగవచ్చు. లినక్స్‌లో దాని డిఫాల్ట్ నిరీక్షణ 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. ఆ గడువు తగ్గించినా మీ విషయంలో ఉపయోగం తక్కువ, ఎందుకంటే నోడ్‌కు అవతలి కొసన ఉన్నది ఫోను కాదు, ఇంజిన్‌ఎక్స్. అది ఎప్పుడూ నిక్షేపంగా బదులిస్తూనే ఉంటుంది.

కావలసింది వెబ్‌సాకెట్ ప్రమాణంలో 2011 నుంచీ ఉన్న పింగ్ (‘ఉన్నావా?’), పాంగ్ (‘ఉన్నాను’) ఫ్రేములు, అంటే చిన్న సందేశాలు. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌కు పింగ్ పంపే వీలు లేదు గానీ, సర్వర్ పింగ్ పంపితే బ్రౌజర్ తనంతట తానే పాంగ్ పంపుతుంది. కనుక చొరవ సర్వర్ వైపు నుంచే ఉండాలి. ప్రతి 30 సెకన్లకు అన్ని సాకెట్లకూ (తెరిచి ఉన్న కనెక్షన్లకు) పింగ్ పంపి, ఒక్కోదానికి ‘జవాబు రాలేదు’ అని గుర్తు పెట్టండి. పాంగ్ రాగానే ఆ గుర్తు తీసేయండి. తరువాతి వంతు వచ్చేసరికి గుర్తు అలాగే ఉంటే ఆ సాకెట్‌ను తెంచేయండి. మీరు నోడ్‌లో వెబ్‌సాకెట్ల కోసం వాడుతున్నది డబ్ల్యూఎస్ లైబ్రరీ అయితే ఇక్కడ క్లోజ్ కాదు, టెర్మినేట్ వాడాలి. చనిపోయిన ఫోను నుంచి వీడ్కోలు సందేశం కోసం క్లోజ్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డేటా ఖర్చు గురించి బెంగ వద్దు, ఖాళీ పింగ్ ఫ్రేము పరిమాణం రెండు బైట్లే.

ఇది పెట్టాక టైమవుట్‌ను నిర్భయంగా 60 సెకన్లకే తిరిగి తెచ్చుకోవచ్చు. వర్కర్ కనెక్షన్ల సంఖ్యను 4096కు పెంచుకోండి, దానితోపాటు ఓపెన్ ఫైళ్ల పరిమితిని కూడా (ప్రతి కనెక్షనూ ఒక ఫైలుగానే లెక్క); అయితే పింగ్ లేకుండా ఈ సంఖ్య ఒక్కదాన్నే పెంచితే, రెండు రోజుల్లో వచ్చే ఇబ్బంది వారం తరువాత వస్తుంది, అంతే.

సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు 350 ఫోన్లూ ఒకే క్షణంలో మీద పడకుండా, యాప్‌లో మళ్లీ కనెక్ట్ అయ్యే ముందు ఒకటి నుంచి పది సెకన్ల వరకు యాదృచ్ఛిక విరామం పెట్టడం మంచిది. సరిగా కుదిరిందో లేదో చూడాలంటే, యాప్ తెరిచి ఉన్న ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గడియారం చూడండి: నిమిషం తిరిగేలోపు సర్వర్ లెక్కలో ఒక కనెక్షన్ తగ్గాలి.