బస్సెక్కే ముందు: వానాకాలంలో హార్స్‌లీ కొండ

(ముప్పై ఏళ్లు అనంతపురంలో బస్సు స్టీరింగు పట్టి రిటైరైన డ్రైవరు, పాఠకుల ప్రయాణ సందేహాలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయనకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. జూన్ నుంచి చెనక్కాయ విత్తనం హడావుడితో నిద్ర లేదు, తిండి లేదు. బీపీ పెరిగింది. రెండు రోజులు అంగడి మాట మరిచి గాలి మార్పుకు పోయి రమ్మని డాక్టరు చెప్పారు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా తిరుపతి తప్ప ఎక్కడికీ పోలేదు మేము. హార్స్‌లీ హిల్స్ పోదామని నేనంటే, "ఎండాకాలంలో పోవాల్సిన కొండకు వానల్లో పోతే ఏం కనపడుతుంది, దుడ్లు దండగ" అంటారు. మా అత్తమ్మను కూడా తీసుకుపోవాలి, ఆమెకు మోకాళ్ల నొప్పులు. పోవాలా, మానాలా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: పోండమ్మా. ఏం కనపడదని మీ ఆయన అన్నది సగం నిజమే. కానీ ఆయనకు ఇప్పుడు కావాల్సింది కనపడటం కాదు కదా.

ముందు నా కథ చెప్తాను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒక మే నెలలో, రెండో శనివారం చూసుకొని నేనూ కుటుంబాన్ని ఆ కొండకు తీసుకుపోయాను. బస్సు నడిపేవాడిని కదా, ఊరి బయట నేనెవరో అందరికీ తెలుసన్న ధీమా. గది బుక్ చేసుకోలేదు. పైకి పోయేసరికి సాయంత్రం ఐదు. ఎక్కడ చూసినా కార్లే, సగం కర్ణాటక నంబర్లు. గది కాదు కదా, కూర్చోవడానికి అరుగు కూడా దొరకలేదు. చీకట్లో మళ్లీ ఘాట్ దిగి, మదనపల్లెలో ఒక లాడ్జిలో పడుకున్నాం. కూలరు వేడిగాలి కొడుతుంటే మా ఇంటామె గోడ వైపు తిరిగి పడుకుంది. మరుసటి రోజు కదిరి దాటేదాకా మాట్లాడలేదు.

రిటైరయ్యాక మళ్లీ అడిగితే "ఆ కొండకా?" అంది. ఈసారి నవంబరులో, సోమవారం పోయాం. కొండ మీద మేము, ఇంకో రెండు కుటుంబాలు, ఒక టీ అంగడి. అంతే. గది ముందు మెట్ల మీద కూర్చున్నాం. మంచు వచ్చి మొత్తం తెల్లగా కమ్మేసింది. "ఇంత దూరమొచ్చి ఏం చూపిస్తావయ్యా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పావుగంటకు మంచు కొంచెం పక్కకు జరిగింది. ఎదురుగా పెద్ద నీలగిరి చెట్టు. "అది ఇందాక లేదే" అంది. మళ్లీ మంచు మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. ఇట్లా మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా ఇద్దరం ఆ చెట్టు వచ్చేది పోయేది చూస్తూ కూర్చున్నాం. మా పెళ్లయ్యాక అంతసేపు ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చున్నది అప్పుడే అనుకుంటా.

ఇక లెక్కలోకి వద్దాం. ఆ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. మన అనంతపురం 350 మీటర్ల లోపే. పైకి పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 6 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అంటే ఏ కాలమైనా మనకన్నా అక్కడ ఐదారు డిగ్రీలు తక్కువే. మేలో ఆ తేడా కోసమే జనం ఎగబడతారు. ఆగస్టులో తేడా అదే, జనమే ఉండరు. పైగా ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన చూసే మనకు, ముఖానికి సన్నజల్లు కొట్టడమే ఒక పండగ. గాలి మార్పు అన్న మాట ఉత్తదేమీ కాదు. వందేళ్ల కిందటే క్షయ రోగులకు ఈ ప్రాంతపు గాలి మంచిదని మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారు. మందులు లేని ఆ రోజుల్లో గాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం.

శని, ఆదివారాలు అనుకుంటున్నారేమో, వద్దు. బెంగళూరు నుంచి మూడు నాలుగు గంటల దారి. అందుకే సీజన్ కాకపోయినా శనివారం రాత్రి సందడి ఉంటుంది. ఆదివారం పొద్దున బయలుదేరండి. వాళ్లు దిగేటప్పుడు మీరు ఎక్కుతారు. సోమవారం మధ్యాహ్నందాకా కొండ మీదే. ఒక్క సోమవారం అంగడి తమ్ముడికో, గుమాస్తాకో అప్పజెప్పలేనంత పెద్ద వ్యాపారమేమీ ఉండదని మీ ఆయనతో నేను చెప్పానని చెప్పండి.

దారి బత్తలపల్లి, ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు మీదుగా. ఆగుతూ పోతే నాలుగు గంటలు వేసుకోండి. కదిరిలో అత్తమ్మకు ఖాద్రీ నరసింహస్వామి దర్శనం చేయించండి. ఆమె మనసు అక్కడే కుదుటపడుతుంది, ఆ తర్వాత మీరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటుంది. ఘాట్ మొదలయ్యే ముందు ఆమెను ముందు సీట్లోకి మార్చండి, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. గది బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు కావాలని, మెట్లు వద్దని అడగండి. పర్యాటక సంస్థ వాళ్ల హరిత రిసార్టు ఉంది, అటవీ శాఖ వాళ్ల అతిథి గృహాలూ ఉన్నాయి. సీజన్ కాదు కాబట్టి అద్దెలో తగ్గింపు ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

తిండి విషయం జాగ్రత్త. జనం లేనప్పుడు వంటా తక్కువే. రాత్రికి ఏం కావాలో మధ్యాహ్నమే చెప్పేయండి, లేకపోతే ఎనిమిది గంటలకు "అయిపోయింది" అంటారు. ఎందుకైనా మంచిది, బొరుగులు, ఊరిబిండి, నాలుగు జొన్నరొట్టెలు పెట్టుకోండి. నగదు చేతిలో ఉంచుకోండి. పెట్రోలు కిందే కొట్టించుకోండి. కోతులుంటాయి, సంచీ తెరిచి పెట్టొద్దు.

చూసేవంటే గాలిబండ. కొండ అంచున పెద్ద బండ, దాని మీద గాలి ఎప్పుడూ ఆగదు. మేలో అక్కడ సెల్ఫీల కోసం క్యూ. ఇప్పుడైతే గాలి మొత్తం మీదే. పైట, తువ్వాలు గట్టిగా పట్టుకోవాలి. బండ తడిగా ఉంటే మీరూ అంచు దాకా పోవద్దు, అత్తమ్మను అసలే పంపొద్దు. ఆమెకు గది దగ్గరే కుర్చీ వేయించండి. వాన వెలిశాక నీలగిరి ఆకుల వాసన గదిలోకే వస్తుంది. జలుబు చేసినప్పుడు రాసుకునే తైలం వాసన, కానీ పచ్చిగా ఉంటుంది. ఇంకేమున్నాయని మీ ఆయన అడిగితే, ఒక చిన్న చెరువు, ఒక పార్కు ఉన్నాయి, చూడకపోయినా నష్టం లేదని చెప్పండి.

ఒక్క షరతు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో వస్తే మాత్రం బయలుదేరకండి. అక్టోబరు, నవంబరుల్లో ఆ వానలు వేరు. ఘాట్ మీదికి రాళ్లు జారతాయి. ఆగస్టు సన్నజల్లుతో ఆ భయం తక్కువ.

ఆయన ఫోను కొండ ఎక్కే ముందు మీ హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. యూరియా వచ్చిందా అని అడిగేవాళ్లు మంగళవారం కూడా అడుగుతారు.

ప్రశ్న: కారు కొని ఎనిమిది నెలలైంది. కర్నూలు నుంచి హైదరాబాదు హైవే మీద బాగానే నడుపుతాను. మంచులో ఘాట్ అంటే టెన్షన్. డ్రైవరును పెట్టుకోవాలా?
– ఒక ఉద్యోగి, కర్నూలు

జవాబు: టెన్షన్ ఉంది కాబట్టే నువ్వు నడపొచ్చు నాయనా. భయం లేనివాళ్లతోనే మాకు సమస్య. హైవే మీద వంద దాటించడం డ్రైవింగ్ కాదు, మలుపులో ఇరవైకి రావడం డ్రైవింగ్. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు. దిగేటప్పుడు న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిలిస్తామనుకునే తెలివిగలవాళ్లు ఉంటారు. న్యూట్రల్‌లో ఇంజను బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకు మీదే పడుతుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి, చివరి మలుపులో పట్టదు. కాలిన వాసన వస్తే సిగ్గుపడకుండా పక్కకు తీసి అరగంట ఆగు. ఇరుకు చోట ఎదురుబండి వస్తే, దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. అది మర్యాద ఒక్కటే కాదు, రూలు. మంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుతురు తిరిగి నీ కళ్లలోకే కొడుతుంది, లో బీమ్ చాలు. ప్రతి మలుపులో హారన్ కొట్టు. చీకటి పడ్డాక ఎక్కొద్దు. మిగతాది ఆ కొండే నేర్పుతుంది.

ప్రశ్న: ఆ కొండ ఒకప్పుడు మా కడపదే అని మా నాయన అనేవారు. నిజమా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: నిజమే మాస్టారూ. హార్స్‌లీ అన్న దొర బ్రిటిష్ కాలంలో మీ కడప జిల్లా కలెక్టరు. కడప ఎండకు తాళలేక కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, పేరు అట్లా నిలిచిపోయింది. అప్పటికి మదనపల్లె ప్రాంతమంతా కడప జిల్లానే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది, 2022లో అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. కొండ ఒక్క అడుగు కదల్లేదు, అడ్రసు మాత్రం మారుతూనే ఉంది. దొర రాకముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల అక్కడి వాళ్ల రోగాలు నయం చేసేదని, ఒకరోజు కనపడకుండా పోయిందని కథ. ఆమెకు అక్కడ గుడి ఉంది. ఏసీ లేని రోజుల్లో కలెక్టరు పారిపోయిన ఎండలోనే మీరు పాఠాలు చెప్పారు, మీకొక దండం. రాయచోటి మీదుగా మదనపల్లె చేరితే అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. మదనపల్లె నుంచి కొండ మీదికి బస్సులున్నాయి కానీ రోజుకు కొన్నే. దిగే బస్సు టైము కనుక్కున్నాకే ఎక్కండి.

ప్రశ్న: శని, ఆదివారాల్లో లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను, హార్స్‌లీ హిల్స్, రిషి వ్యాలీ అన్నీ కవర్ చేయాలనుకుంటున్నాం. ప్లాన్ చెప్పగలరా?
– ఒక డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

జవాబు: నీకు కావాల్సింది సెలవు కాదు నాయనా, రూట్ పర్మిట్. రిషి వ్యాలీ పిల్లలు చదువుకునే బడి, చూసిపోయే చోటు కాదు, దాన్ని తీసేయ్. లేపాక్షి ఇంకోవైపు, దానికి ఇంకో ఆదివారం పెట్టుకో. మర్రిమాను కదిరి దగ్గరే. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన చెట్టు అది, దాదాపు ఐదెకరాల నీడ. కొండ దిగి వచ్చేటప్పుడు చూడండి. చెట్టు కింద చాప పరుచుకొని అన్నం తినేంత టైము ఉంటేనే ఆగండి, లేకుంటే నేరుగా ఇంటికి పోండి.