మంచు పడని రాత్రి కారు ఎత్తుకెళ్లారు... జరిమానా చెల్లుతుందా?

ప్రశ్న: షికాగోలో ఉద్యోగం చేస్తున్నాను. డిసెంబరు 2 రాత్రి అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చారు. విమానం ఆలస్యం కావడం, నాన్నగారికి జ్వరం రావడంతో ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. చోటు దొరక్క మెయిన్ రోడ్డు పక్కన కారు పెట్టాను. తెల్లారేసరికి లేదు. ఆ రాత్రి పిసరంత మంచు కూడా పడలేదు. 150 డాలర్ల టోయింగు ఛార్జీ, నిల్వ రుసుము కట్టి కారు విడిపించుకున్నాను కానీ 60 డాలర్ల టికెట్టు అన్యాయమని కట్టలేదు. నోటీసులు పాత అపార్ట్‌మెంటుకు వెళ్లాయట. ఫిబ్రవరి 10 తేదీతో ఉన్న నిర్ణయ పత్రాన్ని పాత రూమ్మేటు ఇప్పుడు తెచ్చి ఇచ్చాడు. కారును అంతకుముందే తనకు అమ్మినట్లు కాగితం రాసుకుందామని ఒక మిత్రుడు అంటున్నాడు. నా హెచ్1బీ వీసాకు ఇబ్బంది వస్తుందా?

జవాబు: పొడి రోడ్డు ఫోటోలు నాలుగు పంపారు. టికెట్టు ఫోటోలో మాత్రం 60 డాలర్ల అంకె తప్ప మిగతాదంతా కత్తిరించేశారు. మీ కేసును తేల్చేది మీరు కత్తిరించిన ఆ భాగమే.

షికాగోలో మంచుకాలపు పార్కింగ్ నిషేధాలు రెండున్నాయి, మీరు రెంటినీ ఒకటిగా కలిపేశారు. మొదటిది నగర నియమావళి 9-64-060 కింద వచ్చేది. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు, రోజూ తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య, సుమారు 107 మైళ్ల ప్రధాన రహదారుల మీద బండి నిలపకూడదు; మంచు పడిందా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. రెండోది 9-64-070 కింద వచ్చేది. మరో 500 మైళ్ల వీధుల్లో, రోడ్డు మీద రెండంగుళాల మంచు చేరినప్పుడు మాత్రమే అది అమల్లోకి వస్తుంది, అప్పుడు వేళతో పని లేదు. రెండింటికీ జరిమానా 60 డాలర్లే కాబట్టి అంకె చూసి ఏది ఏదో చెప్పలేము. టికెట్టు మీద ఉన్నది రెండో సెక్షనైతే మీ పొడి రోడ్డు ఫోటోలు బంగారం. ఆ తేదీకి షికాగో ఓహేర్ విమానాశ్రయంలోని వాతావరణ కేంద్రపు మంచు నమోదును కూడా జత చేయవచ్చు. మొదటి సెక్షనైతే ఆ ఫోటోలకు విలువ లేదు. తెల్లవారుజామున ఎత్తుకెళ్లారంటే మొదటిదే అయ్యుండాలని నా అంచనా. అప్పుడు మీకు మిగిలే వాదనలు రెండే: టికెట్టు మీద ముద్రించిన సమయం 3-7 గంటల మధ్య లేకపోవడం, లేదా ఆ వీధిలో నిషేధపు బోర్డు లేకపోవడమో, కనబడకుండా కప్పుకుపోవడమో. బోర్డు ఫోటో ఇప్పుడు తీస్తే అది ఫిబ్రవరి బోర్డే అవుతుంది. డిసెంబరులో దాని స్థితి తెలిపే ఫోటో గానీ, ఆ వీధివాసి ప్రమాణపత్రం గానీ కావాలి.

నాన్నగారి జ్వరం, విమానం ఆలస్యం నియమావళి ఒప్పుకునే కారణాల్లో లేవు. 1967, 1979 మంచు తుపానుల తర్వాత వచ్చిన నిషేధమిది. 1979లో రోడ్ల మీది మంచు తీయించలేకపోయిన మేయర్ బిలాండిక్ అభ్యర్థిని ఎంచుకునే తన పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయాడు. విచారణాధికారి నుంచి జాలి ఆశించవద్దు.

ఇక గడువు. మీరు హాజరు కాలేదు గనుక వచ్చింది ఏకపక్ష నిర్ణయం. దాన్ని రద్దు చేయమని అడగడానికి నిర్ణయ తేదీ నుంచి 21 రోజులు, అంటే మార్చి 3 వరకే వ్యవధి ఉంది. విచారణకు రాలేకపోవడానికి మన్నించదగిన కారణం చూపాలి. ఇక్కడే మీ పక్షం బలహీనం, ఎందుకంటే ఇల్లు మారిన 10 రోజుల్లో ఇల్లినాయ్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు (రాష్ట్రంలో వాహన రిజిస్ట్రేషన్లు చూసే అధికారికి) కొత్త చిరునామా తెలియజేయడం వాహన యజమాని బాధ్యత. నగరం నోటీసును రికార్డులో ఉన్న చిరునామాకే పంపింది. అది అందకపోవడం మీ అజాగ్రత్త, నగరం తప్పు కాదు. టోయింగుపై వేరే విచారణ కోరే గడువు ఎప్పుడో దాటిపోయింది.

మిత్రుడు చెప్పిన దారిలో ఒక్క అడుగు కూడా వేయవద్దు. ఆ రోజు బండి నాది కాదన్నది చట్టం ఒప్పుకునే వాదనే, అందుకే అది ఊరిస్తుంది. కానీ కారు విడిపించుకునేటప్పుడు లైసెన్సు, రిజిస్ట్రేషన్ చూపించి, రసీదు మీద సంతకం పెట్టింది మీరే కదా! పార్కింగ్ ఉల్లంఘన సివిల్ వ్యవహారం, అదొక్కటే మీ వీసాకు ముప్పు కాదు. వెనక తేదీ వేసిన అమ్మకపు కాగితం దాఖలు చేస్తే మాత్రం అది మోసం, నేర విచారణ దాకా వెళ్లగల సంగతి. హెచ్1బీ మీద ఉన్నవారు 60 డాలర్ల కోసం పెట్టుకోవలసిన పేచీ కాదది.

ఈ రోజే టికెట్టు నంబరుతో నగర ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో పూర్తి ప్రతి తీసి సెక్షను, సమయం చూడండి. 9-64-060 ఉండి, సమయం 3-7 మధ్యే ఉండి, బోర్డు కూడా సరిగా ఉంటే, ఆలస్య రుసుము తోడు కాకముందే కట్టేయండి. వీటిలో ఏదైనా తేడాగా ఉంటే టికెట్టు సొమ్ము కట్టవద్దు, కడితే తప్పు ఒప్పుకున్నట్లే. రద్దు దరఖాస్తుకు కొత్త ఇంటి లీజు, రూమ్మేటు ప్రమాణపత్రం, సాక్ష్యాలు జత చేసి, నిర్ణయ పత్రంలో ఉన్న చిరునామాకు మార్చి 3 లోపు అందేలా పంపి, పంపిన రుజువు దాచుకోండి. ఏ దారి పట్టినా సెక్రటరీ ఆఫ్ స్టేట్ రికార్డులో మీ చిరునామా ఈ వారమే మార్పించండి. చెల్లించని టికెట్లు మూడు పోగైతే కారు కదలకుండా చక్రానికి ‘బూటు’ అనే ఇనుప తాళం బిగిస్తారు, ఆ హెచ్చరిక కూడా పాత అపార్ట్‌మెంటుకే వెళుతుంది.