రేడియేటర్ దించండి, కండెన్సర్ జోలికి పోకండి

బ్రదర్, స్టీరింగ్ తిప్పితే మూలుగుతోంది, పవర్ స్టీరింగ్ పంపు సీలు దగ్గర ఆయిల్ కారుతోంది, కొత్త పంపు తెచ్చుకున్నాను గానీ రేడియేటర్ అడ్డమొచ్చి చెయ్యి దూరడం లేదు అన్నారు కదా. తీసేయండి, భయపడేంత పనేం కాదు. కాకపోతే బెజవాడ ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే రేడియేటర్ మూత తిప్పారో, మరిగే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మొహాన కొడుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే మొదలుపెట్టండి. కింద టబ్బు పెట్టి కూలెంట్ దించి, పై గొట్టం, కింద గొట్టం, ఫ్యాన్ వైరు ఊడదీసి రేడియేటర్‌ను నిటారుగా పైకి లాగండి. ముందున్న ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాసును చల్లబరిచే జాలీ) పైపులు మాత్రం విప్పొద్దు, గ్యాసంతా పోతుంది. దించిన కూలెంట్ వీధిలో పారబోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

పంపు బిగించడం కంటే పాత పంపు పుల్లీని (బెల్టు తిప్పే చక్రం) ఊడదీసి కొత్తదానికి ఎక్కించడమే తలనొప్పి. సుత్తితో కొడితే షాఫ్ట్ దెబ్బతింటుంది. ఆటోనగర్‌లో పుల్లర్ (పుల్లీని లాగే పనిముట్టు) ఉన్న మెకానిక్‌కి పాత పంపూ కొత్త పంపూ ఇచ్చి మార్పించుకోండి. ప్రెషర్ పైపు బోల్టుకి రాగి వాషర్లు ఉంటే కొత్తవే వేయండి.

అసలు పని ఆ తర్వాతే, లోపల చేరిన గాలి తీయడం. ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద నిలిపి, ఇంజన్ ఆపే ఉంచి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పుతూ, బుడగలు ఆగేదాకా స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ నింపుతూ ఉండండి. రేడియేటర్ మళ్లీ బిగించి కూలెంట్ నింపాక, అప్పుడు స్టార్ట్ చేయండి. ఆయిల్ నురగ కడితే ఇంకా గాలి ఉందన్నమాట, టెన్షన్ పడి పంపు వాపసు ఇచ్చేయకండి. ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి.