పాసేజీలో వేలు పెట్టి చూపించగలిగిందే జవాబు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. ప్రవేశపరీక్షల సాధనలో మిగిలిన విభాగాల్లో మార్కులు పెరుగుతున్నా, పాసేజీ చదివి ప్రశ్నలకు జవాబు గుర్తించే ఇంగ్లీషు రీడింగ్ కాంప్రహెన్షన్‌లో మాత్రం ఎన్ని పాసేజీలు చేసినా స్కోరు అక్కడే ఆగిపోయిందని, ఇక రోజుకు ఎన్ని చేయాలో చెప్పమని అడిగావు. రెండు చాలు. ఒత్తిడిగా ఉన్న రోజున ఒక్కటి చేసినా నష్టం లేదు. అయితే పాసేజీ చేయడానికి పట్టిన సమయానికి కనీసం రెట్టింపు సమయం, చేసిన తరువాత దాని మీదే గడపాలి. జవాబుల కీతో సరిచూసుకుని, మార్కులు వేసుకుని, వెంటనే తరువాతి పాసేజీకి వెళ్లిపోయే పద్ధతిలో ఎన్ని వందలు చేసినా పాత పొరపాట్లే మళ్లీ మళ్లీ చేస్తాము. ఇన్నేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పగలను.

ముందు ఈ పరీక్ష దేన్ని పరీక్షిస్తుందో స్పష్టంగా తెలుసుకో. లోకంలో నిజమేమిటని అది నిన్ను అడగదు, ఈ రచయిత ఈ పాసేజీలో ఏమన్నారని మాత్రమే అడుగుతుంది. న్యాయమూర్తి తనకు సొంతంగా తెలిసినదాన్ని పక్కనపెట్టి, తన ముందుకు వచ్చిన సాక్ష్యాన్ని బట్టి తీర్పు చెప్పినట్టుగా ఇక్కడ జవాబు గుర్తించాలి. ఏ ఆప్షన్ ఎంచుకున్నా దానికి ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపించగలగాలి. అంతకంటే ముఖ్యంగా, వదిలేసిన మూడు ఆప్షన్లూ ఎందుకు తప్పో కూడా పాసేజీలోంచే చూపించగలగాలి. 'ఇదే సరైనదనిపించింది' అన్నది కారణం కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1847లో వియన్నా జనరల్ హాస్పిటల్లో పనిచేస్తున్న ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడి గురించి నీకు ఒక పాసేజీ ఇచ్చారనుకో. ఆ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవని, వైద్యులు, వైద్య విద్యార్థులు పనిచేసే మొదటి విభాగంలో బాలింతల మరణాలు ఎక్కువగాను, మంత్రసానులు పనిచేసే రెండో విభాగంలో తక్కువగాను ఉండేవని, శవపరీక్ష గదుల నుంచి నేరుగా వచ్చే వైద్యుల చేతులే ఇందుకు కారణమని అనుమానించిన సెమ్మెల్‌వైస్, క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టగానే మరణాలు బాగా తగ్గాయని అందులో ఉంది. అయినా ఆనాటి వైద్యులను ఒప్పించే వివరణ ఆయన ఇవ్వలేకపోయారని, చాలామంది పెద్ద వైద్యులు ఆయన వాదాన్ని అంగీకరించలేదని చెప్పి పాసేజీ ముగిసింది. రచయిత దేనితో ఏకీభవించే అవకాశముందన్నది ప్రశ్న. మొదటి ఆప్షన్, సూక్ష్మక్రిముల వల్ల రోగాలు వస్తాయని సెమ్మెల్‌వైస్ కనుగొన్నారు. రెండోది, ఆనాటి వైద్యులంతా ఆయనను తిరస్కరించారు. మూడోది, వైద్యుల కంటే మంత్రసానులకు నైపుణ్యం ఎక్కువ కాబట్టి రెండో విభాగంలో మరణాలు తక్కువగా ఉండేవి. నాలుగోది, సంతృప్తికరమైన వివరణ దొరకకముందే ఒక పద్ధతి ఫలితాన్ని ఇవ్వవచ్చు.

సైన్సు బాగా చదివిన విద్యార్థి మొదటి ఆప్షన్ దగ్గర పడిపోతాడు, ఎందుకంటే చేతులు కడుక్కోవడం, క్రిములు అన్న రెండు మాటలూ అతని మనసులో ఎప్పుడో ముడిపడిపోయాయి. పాసేజీలో క్రిముల ప్రస్తావనే లేదు. రెండో ఆప్షన్ దాదాపు నిజమే, కానీ పాసేజీ 'చాలామంది' అన్నచోట ఇది 'అంతా' అంటోంది, ఆ ఒక్క మాటతోనే అది తప్పయింది. మూడోదానిలో చెప్పిన ఫలితం పాసేజీలో ఉన్నదే, దానికి అంటగట్టిన కారణం మాత్రం లేదు. సగం నిజాన్ని ముందు పెట్టి సగం అబద్ధాన్ని వెనక దాచే ఇలాంటి ఆప్షన్లే తొందరలో ఉన్నవారిని ఎక్కువగా పడగొడతాయి. నాలుగోదానిలో పాసేజీలోని మాటలు దాదాపుగా కనిపించవు, సెమ్మెల్‌వైస్ పేరు కూడా లేదు, పైగా చప్పగా ఉంది. అయినా జవాబు అదే. మరణాలు తగ్గాయన్న వాక్యం మీద ఒక వేలు, ఒప్పించే వివరణ ఇవ్వలేకపోయారన్న వాక్యం మీద మరో వేలు పెట్టి చూడు, ఆ రెండూ కలిపితే నాలుగో ఆప్షన్ వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు సరైన జవాబును పాసేజీలో లేని మాటల్లోకి మార్చి రాస్తారు. పాసేజీలో ఉన్న మాటలను తప్పు ఆప్షన్లలో ఎరగా వేస్తారు. కాబట్టి పాసేజీలోని పదబంధం ఆప్షన్‌లో ఉన్నది ఉన్నట్టుగా కనబడితే సంతోషించకుండా, మరోసారి అనుమానించి చూడు.

ఇప్పుడు నోటుబుక్కు సంగతి. తప్పు చేసిన ప్రతి ప్రశ్నకూ, సందేహిస్తూ గుర్తించి అదృష్టవశాత్తూ ఒప్పయిన ప్రతి ప్రశ్నకూ మూడు విషయాలు రాయి. ఏ ఆప్షన్ నిన్ను ఆకర్షించింది, ఎందుకు ఆకర్షించింది, సరైన జవాబుకు ఆధారమైన వాక్యం ఏది. 'శ్రద్ధ లేక తప్పు చేశాను' అని మాత్రం రాయవద్దు, దాని వల్ల రేపు ఏమి మార్చుకోవాలో తెలియదు. 'బయటి పరిజ్ఞానం తెచ్చుకున్నాను', 'కొందరు అన్నదాన్ని అందరూ అని చదివాను', 'ఎదుటివారి వాదాన్ని రచయిత అభిప్రాయం అనుకున్నాను' అని రాయాలి. చివర చెప్పిన ఈ పొరపాటు చాలా సాధారణం. వ్యాసకర్తలు తాము ఖండించబోయే వాదాన్ని ముందుగా సానుభూతితో వివరించి, తరువాత 'హౌఎవర్' అనో 'యెట్' అనో మొదలుపెట్టి అసలు మాట చెబుతారు. అక్కడ మలుపు తిరిగిన సంగతి గమనించకపోతే పాసేజీ మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. కొన్ని వారాలు గడిచాక నోటుబుక్కు తిరగేస్తే నీ తప్పులన్నీ రెండు మూడు రకాలే అని తెలుస్తుంది. ఆ తరువాత నీ సాధన ఆ రెండు మూడింటి మీదే సాగాలి.

పొడవాటి వాక్యాల దగ్గర తడబడుతున్నానని కూడా రాశావు. తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన భాషలో విశేషణ వాక్యమంతా నామవాచకానికి ముందే వస్తుంది, క్రియ చివరికి చేరుతుంది. శవపరీక్ష గది నుంచి వచ్చి చేతులు కడుక్కోని వైద్యులు అంటాము. ఇంగ్లీషులో వైద్యులు ముందొచ్చి, వారి గురించిన వివరమంతా 'హూ' వెనకాల వేలాడుతుంది, ఆ వివరం ముగిసిన తరువాత గానీ అసలు క్రియ రాదు. అందువల్ల మనం మధ్యలో వచ్చిన క్రియనే ప్రధాన క్రియ అనుకుని దారి తప్పుతాము. అర్థం కాని వాక్యం ఎదురైతే దాన్ని మొదటి నుంచి మళ్లీ మళ్లీ చదవకుండా, కర్త ఏది, దాని అసలు క్రియ ఏది అని వెతికి ఆ రెండింటి కిందా గీత గీయి. రెండు కామాల మధ్య ఉన్నదాన్నీ, రెండు డాష్‌ల మధ్య ఉన్నదాన్నీ తాత్కాలికంగా వదిలేసి చదువు. రోజుకు ఇలాంటి నాలుగైదు వాక్యాలను విడదీస్తే కొంతకాలానికి కన్ను తనంతట తానే ఆ పని చేస్తుంది. ఒక్కో వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదవడం మాత్రం మానుకో, అది సమయాన్ని మింగేస్తుంది. పేరా పూర్తయ్యాక ఆ పేరా ఏమి చేసిందో ఒక్క తెలుగు వాక్యంలో చెప్పుకోవడం వేరే సంగతి, అది మంచిదే. 'ఇక్కడ పాత వాదం చెప్పాడు, ఇక్కడ దాన్ని కొట్టేశాడు' అన్నంత చిన్న మాట సరిపోతుంది.

పదసంపద గురించి నీకు అవసరానికి మించిన భయం ఉన్నట్టుంది. పదసంపదపై పరిశోధన చేసిన పాల్ నేషన్ 2006లో వేసిన అంచనా ప్రకారం, ఒక రచనను ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవడానికి అందులోని పదాల్లో 98 శాతం తెలిసి ఉండాలి. అంటే యాభై పదాలకు ఒకటి తెలియకపోయినా ఇబ్బంది లేదు. 450 పదాల పాసేజీలో తొమ్మిది తెలియని పదాలు ఉండవచ్చునన్నమాట. కాబట్టి తెలియని పదం కనబడగానే ఆగిపోకుండా, అది మంచిని చెబుతోందా చెడును చెబుతోందా అన్నంత వరకు పక్కవాక్యాల నుంచి ఊహించి ముందుకు సాగు, నిఘంటువు పని తరువాత చూసుకోవచ్చు. ఎవరూ వాడని పదాలతో నిండిన లావుపాటి పుస్తకాలు బట్టీ పట్టడం కంటే, అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ మీద సమయం పెట్టడం మేలు. అందులో 570 పదకుటుంబాలే, అంటే ఒకే మూలపదం నుంచి వచ్చిన పదాల గుంపులే ఉన్నాయి, విద్యాసంబంధమైన ఏ వ్యాసం తెరిచినా అవే ఎదురవుతాయి. దానితోపాటు రచయిత ధోరణిని తెలిపే స్కెప్టికల్ (సందేహించే), యాంబివలెంట్ (ఎటూ తేల్చుకోని), డిస్మిసివ్ (తీసిపారేసే) లాంటి పదాలను విడిగా రాసుకో, ఆప్షన్లలో అవి తెలియకపోతే పాసేజీ పూర్తిగా అర్థమైనా జవాబు గుర్తించలేవు.

పరీక్ష పాసేజీలు కాకుండా మామూలు చదువు కూడా ఉండాలి. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు బేస్‌బాల్ ఆట గురించిన కథనాన్ని 64 మంది బడిపిల్లల చేత చదివించి చూశారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే కథనాన్ని బాగా గుర్తుపెట్టుకుని చెప్పగలిగారు. విషయం కొంచెమైనా పరిచయముంటే వాక్యం తేలికవుతుంది. పత్రికల సంపాదకీయాలు మాత్రమే చదవమని అందరూ చెబుతారు, నాకు ఆ సలహా సగమే నచ్చుతుంది. సంపాదకీయాలు చదివినవారికి రాజకీయం, ఆర్థికం అలవాటవుతాయి కానీ జీవశాస్త్రం మీదో, చిత్రకళ మీదో, వందేళ్లనాటి వచనం నుంచో పాసేజీ వస్తే చేతులెత్తేస్తారు. నీకు ఇష్టం లేని విషయాన్నే వారానికి రెండుసార్లు ఎంచుకుని చదువు.

వేగం విషయానికి వస్తే, మొదటి కొన్ని వారాలు గడియారం పెట్టుకోవద్దు. సరిగ్గా చదవడం వచ్చాకే వేగంగా చదవడం గురించి ఆలోచించాలి. మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, పెద్దవారు ఇంగ్లీషులో కథేతర రచనలను మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 పదాలని తేలింది. నిమిషానికి వేయి పదాలు చదివిస్తామనే ప్రకటనలను నమ్మనక్కరలేదు. 450 పదాల పాసేజీని నువ్వు మూడు నిమిషాల్లో ఒకసారి అర్థవంతంగా చదవగలిగితే సరిపోతుంది. ఎక్కువ సమయం పోయేది చదవడంలో కాదు, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడడంలో. ఆ ఊగిసలాటకు మందు పైన చెప్పిన వేలు పెట్టి చూపించే అలవాటే.

నువ్వు ఒకటికి మించి పరీక్షలు రాయాలనుకుంటున్నావు కాబట్టి వాటి తీరులు వేరని గుర్తుంచుకో. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష అయిన సీయూఈటీ ఇంగ్లీషు పేపరులో 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు, ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. న్యాయవిద్య ప్రవేశపరీక్ష అయిన క్లాట్‌లో అన్ని విభాగాలూ కలిపి 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, ఇంగ్లీషు పాసేజీలు సుమారు 450 పదాలవి, తప్పుకు 0.25 మార్కు కోత. అమెరికా కళాశాలల ప్రవేశానికి రాసే శాట్ డిజిటల్ పరీక్షలో రీడింగ్ అండ్ రైటింగ్ విభాగానికి 64 నిమిషాలకు 54 ప్రశ్నలు, ఒక్కో పాసేజీ 25 నుంచి 150 పదాల లోపు, దాని కింద ఒక్కటే ప్రశ్న, తప్పుకు కోత లేదు. అంత చిన్న పాసేజీకి ముందు ప్రశ్న చదివి తరువాత పాసేజీ చదవడం మంచిది. పొడవాటి పాసేజీకి ప్రశ్నలను మాత్రం ఒకసారి చూసుకుని, ఆప్షన్ల జోలికి పోకుండా పాసేజీ మొదలుపెట్టు, ఎందుకంటే తప్పు ఆప్షన్లు ముందే చదివితే అవి మనసులో నాటుకుని పాసేజీని వాటికి తగ్గట్టు చదివిస్తాయి. కోత ఉన్నదని భయపడి సందేహమున్న ప్రశ్నలన్నీ వదిలేయడం కూడా సరికాదు. సీయూఈటీలో నాలుగు ప్రశ్నలను పూర్తిగా గుడ్డిగా గుర్తించినా సగటున ఒకటి ఒప్పయి 5 మార్కులు వస్తాయి, మూడు తప్పయి 3 పోతాయి. క్లాట్‌లో ఆ మిగులు చాలా స్వల్పం, కానీ ఒక్క ఆప్షన్‌ను ఆధారంతో కొట్టివేయగలిగినా లెక్క నీ వైపు మొగ్గుతుంది. ఈ వివరాలు మారుతుంటాయి కనుక ఆ ఏటి నోటిఫికేషన్‌తో మరోసారి సరిచూసుకో.

క్లాట్ కాగితం మీద, మిగిలిన రెండూ కంప్యూటర్ మీద జరుగుతాయి. తెర మీద చదివేటప్పుడు కాగితం మీదలాగా పెన్సిలుతో గీతలు గీసుకోలేము, కాబట్టి వారంలో సగం సాధనైనా తెర మీదే చేయి. పాత ప్రశ్నపత్రాలు, పరీక్ష నిర్వహించేవారు స్వయంగా విడుదల చేసిన నమూనాలు చేతిలో ఉన్నంతవరకు బయటి మాక్ టెస్టుల జోలికి పోవద్దు. వాటిలో కొన్నింటి జవాబుల కీలకు పాసేజీలో ఆధారమే ఉండదు, అలాంటివాటితో కుస్తీ పడితే ఉన్న నమ్మకం పోతుంది. అసలు పత్రాలు కొన్నే ఉంటాయి కనుక వాటిని మొదటి నెలలోనే ఖర్చు చేయకుండా, సగం చివరి ఆరు వారాలకు దాచిపెట్టు.

రెండు వారాల తరువాత నీ నోటుబుక్కు పేజీలు ఫొటో తీసి పంపు. తప్పు చేసిన ప్రశ్నలతోపాటు ఆ పాసేజీలను కూడా జతచేస్తేనే ఏ వాక్యం దగ్గర దారి తప్పావో నేను చూసి చెప్పగలుగుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న